బస్తా అడుగున ఏమున్నది?

మిరప ఎరుపు, మార్కెట్టు, మన నిజాయితీ

ఫిబ్రవరి, మార్చి నెలలలో గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టే కొత్తవారికి ముందు దగ్గు వస్తుంది. చూపు నిలదొక్కుకొనేది ఆ తరువాతనే. వరుసలుగా పేర్చిన టిక్కీలు, వాటి నడుమ ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకొని బరువులు మోసే హమాలీలు, గాలిలో తేలే ఘాటు, నేలమీద నలిగిన ఎరుపు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్టుగా పేరుపొందిన చోటు ఇది. అక్కడ కొనుగోలుదారు చేసే ఒక పని మా దృష్టిని ఆకట్టుకున్నది. అతడు టిక్కీ మూతి విప్పించి, పైనున్న కాయల నిగనిగను చూసి సరిపెట్టుకోడు. చేతిని మోచేతి దాకా లోపలికి జొనిపి, నడుమనున్న కాయలను పిడికెడు బయటికి తీస్తాడు. ఒకదానిని విరిచి చూస్తాడు. పెళుసుగా విరిగితే ఎండిన సరుకు. మెత్తగా వంగితే తడి ఉన్న సరుకు. పైకి కనిపించేదానికీ అడుగున ఉన్నదానికీ తేడా ఉండవచ్చునని వ్యాపారం అతనికి నేర్పింది.

టిక్కీలోకి దిగిన ఆ చేతిని చూచినప్పుడు, పద్నాలుగు వందల ఏండ్ల క్రితం మదీనా బజారులో ఒక ధాన్యపు కుప్పలోకి దిగిన పవిత్ర హస్తం మాకు గుర్తుకు వచ్చింది. ఆ సంఘటనను ముందు ముందు ముచ్చటించుకుందాము. దానికి ముందు, ప్రతి ఇంటి పోపులపెట్టెలోనూ చోటు సంపాదించుకున్న ఈ ఎర్రని కాయ ఎక్కడిదో, ప్రపంచం దానిని 'పాప్రికా' అని పిలిచి ఏమి కోరుకుంటున్నదో, మన గుంటూరు, ప్రకాశం మైదానాల రైతుకు ఆ కోరికతో ఏమి సంబంధమో తెలుసుకోవడం అవసరం.

మదీనా ఎరుగని కారం

దైవప్రవక్త (స) కాలపు అరేబియాకు మిరపకాయ తెలియదు. ఆ మాటకు వస్తే బాగ్దాదు ఖలీఫాల వంటశాలలకు గాని, కాకతీయుల ఓరుగల్లుకు గాని, రెడ్డిరాజుల కొండవీటికి గాని తెలియదు. నేడు కారానికి మారుపేరైన గుంటూరు సీమలో ఆనాటి వంటలకు ఘాటునిచ్చినవి మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు మాత్రమే.

మిరప పుట్టినిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ఆదివాసులు దానిని కొన్ని వేల ఏండ్లుగా సాగుచేసుకుంటూ వచ్చారు. 1492లో మిరియాలు దొరికే హిందూస్తానుకు సముద్రమార్గం వెదుకుతూ బయలుదేరిన కొలంబస్ అమెరికా దీవులకు చేరాడు. అక్కడ నాలుకను మండించే కాయ కనిపించగా, దానిని కూడా మిరియాల కోవలోనే లెక్కించాడు. ఆ యాత్రల ద్వారా మిరప స్పెయినుకు చేరింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దానిని మన పడమటి తీరానికి తెచ్చాయి. అక్కడి నుంచి అది దేశమంతటా పాకింది.

ఆ తొలి పొరపాటు గుర్తు నేటికీ భాషలలో నిలిచే ఉన్నది. మన ఇండ్లలో మాట్లాడే ఉర్దూలో మిరియాలు 'కాలీ మిర్చ్', మిరపకాయ 'లాల్ మిర్చ్'. తెలుగులో మిరియం, మిరప అక్కచెల్లెళ్లవలె వినిపిస్తాయి. కొత్తగా వచ్చిన కాయకు లోకమంతా పాత సరుకు పేరే పెట్టుకున్నది. ఇంకొక విచిత్రం: 1542లో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మను వృక్షశాస్త్రవేత్త తన గ్రంథంలో మిరపను 'కళ్లికోట మిరియం' అని పేర్కొన్నాడు. అమెరికా నుంచి వచ్చిన కాయ హిందూస్తానుదేనని అప్పటికే యూరపు పండితులు భ్రమపడ్డారంటే, ఓడలమీద అది ఎంత వేగంగా లోకం చుట్టివచ్చిందో ఊహించవచ్చు.

తుర్కుల వెంట హంగేరీకి

1526లో మొహాచ్ యుద్ధంలో ఉస్మానియా సుల్తాను సులైమాన్ హంగేరీ రాజును ఓడించాడు. 1541లో బుడా నగరం తుర్కుల వశమై, 1686 వరకు వారి పాలనలోనే ఉండిపోయింది. ఆ దేశానికి మిరప తుర్కుల ద్వారానే చేరిందని చరిత్రకారులు భావిస్తున్నారు. అందుకే హంగేరీ ప్రజలు మొదట దానిని తమ భాషలో 'తుర్కు మిరియం' అని పిలిచారు. తరువాత బాల్కను భాషలలో మిరియానికి ఉన్న పేరు నుంచి 'పాప్రికా' అనే మాట స్థిరపడింది. మన దగ్గర 'మిర్చి' అనే మాటకు జరిగిందే అక్కడా జరిగింది.

పాప్రికా అంటే ప్రత్యేకమైన మరొక మొక్క అని మనలో కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. వృక్షశాస్త్రం ప్రకారం మన గుంటూరు సన్నం, హంగేరీ పాప్రికా రెండూ ఒకే జాతికి చెందినవి. మనుషులు ఏ గుణాన్ని కోరి విత్తనాన్ని ఎంచుకున్నారన్నదే తేడా. మిరపలో రెండు సంపదలు ఉన్నాయి. ఒకటి ఘాటు. గింజలలో ఘాటు ఉంటుందని మనం చెప్పుకొంటాము గాని, నిజానికి దాని స్థానం గింజలను పట్టి ఉంచే తెల్లని లోపలి కండ. రెండవది రంగు, అది ఎర్రని తోలులో ఉంటుంది. మనవారు ఘాటును పెంచుకుంటూ పోయారు. హంగేరీవారు రంగును నిలుపుకొని ఘాటును తగ్గించుకుంటూ వచ్చారు. పందొమ్మిదవ శతాబ్దంలో సెగెద్ పట్టణంలో కాయలోని ఈనెలను, గింజలను వేరుచేసి పొడి కొట్టే యంత్రాలు వాడుకలోకి వచ్చాక, మంటలేని తీయని పాప్రికా యూరపు అంతటా వ్యాపించింది.

ఆ సెగెద్ పట్టణానికే మరొక ఘనత ఉన్నది. ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త అక్కడి పాప్రికా కాయల నుంచే విటమిన్-సిని పెద్ద మొత్తంలో వేరుచేయగలిగాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మండుతుందని మనం పక్కన పెట్టే పండుమిరపలో విటమిన్-సి అంత సమృద్ధిగా ఉన్నదని లోకానికి తెలిసింది అప్పుడే. ఎండబెట్టి నిలువచేసిన కారంలో ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది. పచ్చి కాయలోనే దాని మేలు ఎక్కువ.

ముస్లిం దేశాల వంటిళ్లలోనూ ఎర్ర మిరప తన ముద్ర వేసింది. తుర్కియాలోని మరాష్, ఉర్ఫా పట్టణాల మిరప పలుకులు ప్రసిద్ధమైనవి. ఉర్ఫావారు కాయలను పగలు ఎండబెట్టి, రాత్రివేళ మూటగట్టి చెమర్చనిస్తారు. దానివలన రంగు నల్లనై, రుచి మెత్తబడుతుంది. సిరియాలోని హలబ్ నగరం పేరుతోనే ఒక మిరప రకం ఉన్నది. ట్యునీషియా ప్రజలు ఎండుమిరప, వెల్లుల్లి, ఆలివు నూనెలతో నూరుకొనే 'హరీసా'ను 2022లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మొరాకో ఇల్లాలు చేపకూరకు రంగు కోసం పాప్రికాను చల్లుతుంది. వీరందరికీ తెలిసిన ఒక వంటింటి మర్మం మన ఇల్లాండ్రకూ తెలుసు: కాగిన నూనెలో కారం వేసేటప్పుడు పొయ్యి తగ్గించాలి. రంగు నూనెలోనే కరుగుతుంది, నీటిలో కరగదు. కాని మంట ఎక్కువైతే పొడి మాడి చేదెక్కుతుంది.

రంగుకు వెల

ఘాటును కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఆ కొలతలో తీయని పాప్రికా సాధారణంగా వెయ్యి లోపే ఉంటుంది. గుంటూరు సన్నం ముప్పయి అయిదు వేల నుంచి నలభై వేల వరకు పోతుంది. తేజ రకం దానికి సుమారు రెట్టింపు. రంగుకు కూడా అంతర్జాతీయ వాణిజ్యంలో వేరే కొలమానం ఉన్నది. ఎగుమతిదారుడు ఘాటు ఎంత అని అడిగిన వెంటనే రంగు ఎంత అని అడుగుతాడు.

మన యార్డులో ధర పలికే రకాల పేర్లు వింటే ఈ రెండు కోరికలూ వినిపిస్తాయి. లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన 334 రకం, తేజ ఘాటుకు పేరుపొందినవి. కర్ణాటకలోని హావేరి జిల్లా నుంచి వచ్చిన బ్యాడిగి రకం ముడతలుపడి, ఘాటు తక్కువై, ముదురు ఎరుపు రంగుతో ఉంటుంది. తెలుగునాట పాప్రికాకు దగ్గరి చుట్టం ఏదంటే ఓరుగల్లు ప్రాంతపు 'చపాటా' మిరప. టమాటావలె లావుగా, గుండ్రంగా ఉండే ఈ కాయలో మంట స్వల్పం, రంగు అధికం. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుంటూరు సన్నానికి ఆ గుర్తింపు అంతకు ముందే దక్కింది.

రంగు ఎక్కువగా ఉన్న కాయలను కర్మాగారాలలో పిండి, చిక్కని ఎర్రని తైలం తీస్తారు. దానినే ఓలియోరెజిన్ అంటారు. మనం పిల్లలకు కొనిపెట్టే చిప్సు, సాసు, నూడుల్సు పొట్లాల వెనుక 'పాప్రికా సారం' అనో, 'ఇ-160సి' అనో రాసి ఉంటే అది ఈ మిరప రంగే. ఆ సంఖ్యను చూసి అనుమానపడి మమ్మల్ని ప్రశ్నించే పాఠకులు ఉన్నారు. ఆ రంగు మొక్క నుంచి వచ్చినదే. అయితే ఆ పొట్లంలోని తక్కిన పదార్థాలు హలాల్ అవునో కాదో చూచుకోవలసిన బాధ్యత మాత్రం మనదే.

ఈ విధంగా గుంటూరు, పల్నాడు, ప్రకాశం పొలాలలోని ఒక కాయ ఎన్నడూ చూడని దేశాల భోజనపు బల్లలమీద రంగై వెలుగుతున్నది. ఎండుమిరప ఉత్పత్తిలోనూ, ఎగుమతిలోనూ ప్రపంచంలో భారతదేశానిది మొదటి స్థానం. దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం.

నల్లరేగడిలో ఎర్రని పంట

అయితే ఆ రంగు ఎవరి చెమటతో పండుతున్నదో కూడా చూడాలి. కృష్ణ కాలువల కింద, బోర్ల కింద, నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పక్కపక్కనే పెరుగుతాయి. రెండూ పెట్టుబడిని మింగే పంటలే. ఒక ఏడు ప్రత్తి దెబ్బతీస్తే రైతు మిరపవైపు తిరుగుతాడు. మిరప దెబ్బతీస్తే మళ్లీ ప్రత్తివైపు చూస్తాడు. వానకాలంలో నారు పోసి, నాటి, పురుగు మందులు కొట్టి, సంక్రాంతి నాటినుంచి కోతలు మొదలుపెడతారు. ఒకే మొక్కనుంచి పలుమార్లు పండిన కాయలను ఏరి కోయాలి. కోసినది కల్లంలో పరచి, తిరగవేస్తూ, మంచునుంచి, అకాల వర్షంనుంచి కాపాడుతూ ఎండబెట్టాలి. ఒక్క వానకు ఎర్రని కాయ తెల్లబారి తాలుకాయ అవుతుంది. ధర సగానికి పడిపోతుంది.

2021-22 సీజనులో నల్ల తామర పురుగు పూతమీద పడి, ఉభయ తెలుగు రాష్ట్రాల మిరప తోటలను తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ తరువాత సరుకు కొరతవలన 2023లో మంచి రకాల ధర క్వింటాలుకు ఇరవై వేల రూపాయలు దాటింది. ఆ ధర చూసి సాగు పెంచిన రైతులు 2025 ఆరంభానికి కుదేలైపోయారు. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్టు జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దిగజారిందో తెలుస్తుంది. కోత కూలికే ధరలో పెద్ద భాగం పోయే పంటలో ఈ పతనం అప్పుగా మారుతుంది. ఆ అప్పు కుటుంబాల గుండెలమీద కూర్చుంటుంది.

కోతలలోనూ, గిడ్డంగుల వద్ద తొడిమలు తీసే పనిలోనూ అధికసంఖ్యాకులు స్త్రీలే. వారిలో మన ముస్లిం సోదరీమణులు కూడా ఉన్నారు. ఘాటునిచ్చే పదార్థం మన శరీరంలో వేడిని గుర్తించే నాడులనే తట్టిలేపుతుందని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఆ నాడుల రహస్యాన్ని ఛేదించినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. అంటే చేతులు కాలకపోయినా, కాలినట్లే శరీరం బాధపడుతుంది. ఆ ఘాటు నీటిలో కరగదు గనుక నీళ్లతో కడిగినంత మాత్రాన ఉపశమనం ఉండదు. నూనె రాసుకొని తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి. సాయంత్రం ఇంటికి వెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవడానికి ఆ తల్లి ఎందుకు వెనుకాడుతుందో మిరప ఊళ్లలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

ఎరుపు మాటున మోసం

రంగుకు వెల ఉన్నచోట రంగును దొంగిలించాలన్న దురాశ కూడా పుడుతుంది. 2003లో ఫ్రాన్సు అధికారులు భారతదేశం నుంచి వచ్చిన కారం ఉత్పత్తులలో 'సూడాన్-1' అనే రంగును కనుగొన్నారు. అది బూటు పాలిషులకు, మైనాలకు, నూనెలకు వేసే రంగు. జంతువులపై జరిపిన ప్రయోగాలలో కేన్సరు కలిగించినందున ఆహారంలో దానిని నిషేధించారు. వెంటనే యూరోపియన్ కమిషన్ దిగుమతి అయ్యే కారానికి పరీక్ష తప్పనిసరి చేసింది. అయినా 2005 ఫిబ్రవరిలో బ్రిటనులో అదే రంగున్న కారం ఒక సాసులో కలిసి, ఆ సాసు వందలాది తయారు వంటకాలలోకి చేరి, వాటన్నిటినీ అంగళ్లనుంచి వెనక్కు తీయవలసి వచ్చింది. ఎక్కడో ఒకచోట ఎవరో కలిపిన పిడికెడు రంగు దేశమంతటి రైతుల పేరును మసకబార్చింది.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. పాప్రికాకు పుట్టింటివలె మారిన హంగేరీలోనే 1994లో కొందరు పాప్రికా పొడిలో ఎర్రని సీసపు భస్మం కలిపారు. పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. తాము ప్రాణంగా చూచుకొనే కారమే తమకు విషమైనదని తెలిసి ఆ దేశం నిర్ఘాంతపోయింది.

ఇంకొక మోసం ఉన్నది. అది రంగు కలపడం కన్న మెల్లనిది, కనుక దానిని మోసమని ఒప్పుకోవడం కష్టం. బాగా ఎండిన కాయ ఎత్తేటప్పుడు విరిగి, గింజ రాలిపోతుంది. అందుకని తెల్లవారుజాము మంచుకు మెత్తబడినప్పుడు కాయను బస్తాలకు ఎత్తడం రైతుల వాడుక. అందులో తప్పు లేదు. కాని అదే సాకుతో బస్తా నడుమ నీళ్లు చల్లి తూకం పెంచేవారు ఉన్నారు. పైన ఎండిన మంచి కాయ, నడుమ తడిసిన కాయ. ఆ తడిలో బూజు పుడుతుంది. కొన్ని బూజులు 'అఫ్లాటాక్సిన్' అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయ కేన్సరుకు కారకం. యూరపు దేశాలు కిలో మిరపలో మొత్తం పది మైక్రోగ్రాములకు మించి దానిని అనుమతించవు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. చల్లిన చెంబెడు నీళ్ల లాభం విలువ ఎంత? ఆ విషం చేరే కంచంలో కూర్చునే బిడ్డ ఎవరిది?

మదీనా బజారులో ఒక హస్తం

ఇప్పుడు ఆ సంఘటన దగ్గరికి వద్దాము. హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించగా సహీహ్ ముస్లింలో నమోదైన హదీసు ఇది. ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో నడుస్తూ ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగారు. తమ చేతిని ఆ కుప్పలోకి పోనిచ్చారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అమ్మేవానిని అడిగారు. వానకు తడిసిందని అతడు విన్నవించుకున్నాడు. అలాగైతే జనం చూచేటట్లు ఆ తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని తేల్చిచెప్పారు.

ఈ హదీసులో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ వ్యాపారి నీళ్లు చల్లలేదు. వాన కురిసింది, అది అల్లాహ్ నిర్ణయం. తడిసిన ధాన్యాన్ని అమ్మవద్దని కూడా దైవప్రవక్త (స) అనలేదు. దాచవద్దన్నారు. నష్టం అతని తప్పు కాదు, దానిని కప్పిపుచ్చడం అతని తప్పు. అకాల వర్షానికి తడిసిన కాయను ఏరి తాలుకాయగా వేరే బస్తాకు ఎత్తి, తక్కువ ధరకు అమ్ముకొనే రైతు ఈ హదీసును ఆచరిస్తున్నవాడే. నష్టం మూటగట్టుకున్నా అతని ఆదాయం శుభ్రమైనది. కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పుకొని, లోపాలు వెల్లడించుకుంటే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని మరొక ప్రసిద్ధ హదీసు సారాంశం. మనం 'బరకత్' అని నిత్యం పలికే మాటకు యార్డులో అర్థం ఇదే.

అయితే ఈ పాఠం రైతుకు మాత్రమే కాదు. దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా, తాము తీసుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారిని తీవ్రంగా హెచ్చరిస్తున్నది. త్రాసుకు రెండు పళ్లేలు ఉన్నాయి. తేమ పేరుతో, తరుగు పేరుతో, నమూనా పేరుతో రైతు కాయను అన్యాయంగా కోసుకొనే చేయి కూడా ఆ హెచ్చరికలోనిదే. అప్పు ఇచ్చినందుకు సరుకు తనకే, తాను చెప్పిన ధరకే అమ్మాలని పేదరైతు గొంతుమీద కూర్చునేవాడు తన నమాజులను చూచుకొని తృప్తిపడరాదు. షుఐబ్ (అ) తమ జాతిని హెచ్చరించిన రెండు మాటలలో ఒకటి ఏకదైవారాధన అయితే, రెండవది తూనికలు, కొలతలలో న్యాయం.

కూలి విషయం కూడా ఇందులోనిదే. శ్రామికుని చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించమని ఇబ్నె మాజాలోని హదీసు బోధిస్తున్నది. మిరప తొడిమలు తీసిన ఆడకూలీ చెమట ఆరినా చేతి మంట ఆరదు. ఆమె కూలి డబ్బును వారాల తరబడి ఆపేవాడు ఆ మంటకు జవాబు చెప్పుకోవలసిన రోజు ఒకటి ఉన్నది.

ఇంకొక హక్కును మన రైతు సోదరులు మరచిపోతున్నారు. పంట కోసిన నాడే దాని హక్కును చెల్లించమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. ఇమాం అబూ హనీఫా (రహ్) అభిప్రాయం ప్రకారం కూరగాయలతో సహా భూమిలో పండే పంటలపై ఉష్ర్ ఉన్నది: వానమీద పండితే పదవ వంతు, ఖర్చుతో నీరు పెట్టి పండిస్తే ఇరవయ్యవ వంతు. తక్కిన ఇమాముల అభిప్రాయాలు వేరుగా ఉన్నాయి. తమ పంట, తమ అప్పులు వివరించి స్థానిక ఉలమాలను సంప్రదించడం మేలు. ధర పడిపోయిన ఏడు పక్కింటి రైతుకు, పని దొరకని కూలీకి ఆ వంతు ఎంతటి ఆసరా అవుతుందో ఆలోచించండి.

మన వంటింటి వంతు

సోదరీమణులారా! ఈ గొలుసులో చివరి కొక్కెం మన వంటిల్లు. మిలమిల మెరిసే కారాన్నే మనం కోరినంత కాలం, ఆ మెరుపును ఎలాగైనా తెచ్చిపెట్టేవాడు ఉంటూనే ఉంటాడు. సహజమైన కారం ఆరు నెలలకు కొంత రంగు తగ్గుతుంది. వెలుతురు, గాలి, వేడి దాని శత్రువులు. ఏడాది గడిచినా రవ్వంత తగ్గని ఎరుపు చూచి మురిసిపోవడం కన్న అనుమానించడం మంచిది.

వీలైనవారు సీజనులో ఎండుమిరపకాయలే కొని, తొడిమలు తీసి, ఇంకొకసారి ఎండకు పెట్టి, కళ్లెదుట మర ఆడించుకోవాలి. కాయను విరిచి లోపల చూడాలి; నల్లని, బూడిదరంగు బూజు కనిపిస్తే పారవేయాలి, వేయించి సరిపెట్టుకోరాదు. ఆ విషం వంటింటి మంటకు పూర్తిగా నశించదు. కారం కొనేవారు ఒక గ్లాసు నీటిపై చిటికెడు పొడి చల్లి చూడవచ్చు. రంగు చారలై కిందికి దిగితే నీటిలో కరిగే కృత్రిమ రంగు ఉన్నట్లు. అడుగున చేరిన మడ్డిని వేళ్లతో నలిపినప్పుడు గరగరలాడితే ఇటుకపొడి గాని, ఇసుక గాని కలిసినట్లు. సూడాన్ రంగులు మాత్రం నూనెలో కరిగేవి గనుక ఈ పరీక్షకు దొరకవు; ప్రయోగశాల ఒక్కటే వాటిని పట్టగలదు. కనుక ముక్కూమొహం లేని విడి పొడికి దూరంగా ఉండి, తెలిసిన చోట, ముద్ర, తేదీ ఉన్న సరుకు కొనడం క్షేమం.

పిల్లలకు, వృద్ధులకు, కడుపు మంట ఉన్నవారికి వండేటప్పుడు మన తెలుగు ఇండ్లు పాప్రికా దేశాలనుంచి ఒక మెలకువ నేర్చుకోవచ్చు. రంగు కోసం ఘాటు పెంచనక్కరలేదు. చపాటావంటి, బ్యాడిగివంటి కాయ రెండు వంతులు, గుంటూరు కాయ ఒక వంతు కలిపి ఆడించుకుంటే ఖోర్మాకు, దాల్చాకు ఎరుపు నిండుగా వస్తుంది, మంట హద్దులో ఉంటుంది. పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఇఫ్తారు వేళ మిరపకాయ బజ్జీలు పెట్టడం మనవారి అలవాటు. ఖర్జూరం, నీళ్లు, పండు తరువాత కాస్త వ్యవధి ఇచ్చి, ఒకటో రెండో తినడం ఆరోగ్యానికి మంచిది. మంట పుట్టినప్పుడు నీళ్ల కన్న మజ్జిగ, పాలు మేలు.

ఇంట్లో కారం డబ్బా మూత తీసినప్పుడల్లా మన పిల్లలకు ఆ రెండు చేతుల సంగతి చెప్పండి: సరుకును పరీక్షించడానికి టిక్కీలోకి దిగిన వ్యాపారి చేయి, సత్యాన్ని పైకి తేవడానికి కుప్పలోకి దిగిన ప్రవక్త (స) చేయి. మొదటిది తన లాభం కోసం వెదికింది. రెండవది తెలియక కొనబోయే పరాయివాని కోసం వెదికింది. రేపు మన పిల్లలు రైతులైనా, వ్యాపారులైనా, అధికారులైనా, గృహిణులైనా తమ బస్తాలో ఎవరైనా చేయి పెట్టి చూడవచ్చునన్న ధైర్యంతో బ్రతకాలి. ప్రళయదినాన మన కర్మల బస్తా అడుగు కూడా తెరిచి చూడబడుతుంది. ఆనాడు పైన పరచిన ఎర్రని కాయలు ఎవరినీ కాపాడవు.

అల్లాహ్ మన సంపాదనను, మన ఆహారాన్ని పరిశుద్ధమైనవిగా చేయుగాక! నల్లరేగడిలో చెమటోడ్చే రైతులకు, కూలీలకు న్యాయమైన ప్రతిఫలం ప్రసాదించుగాక! ఆమీన్.